అత్తిలి నుంచి పార్క్‌లేన్ దాకా

గోదావరి పశ్చిమ డెల్టాలో అత్తిలిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా గుర్తుపడతారు. రైలెక్కేవాళ్ళకు అది భీమవరం–నిడదవోలు మార్గంలో ఒక స్టేషను. రైతులకు తమ చేలకు నీళ్ళిచ్చే అత్తిలి కాలువ. భక్తులకు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి తీర్థం. ఈ సంక్రాంతి వెళ్ళాక మా అక్క కొడుకుతో కలిసి నేను ఆ ఊరి నుంచి బయల్దేరింది మాత్రం ఇంకో పని మీద. వాడికి మంచి గేమింగ్ కంప్యూటర్ కావాలి. దుకాణంలో ముందే బిగించి ఉంచింది కాదు. ప్రాసెసర్ దగ్గర్నుంచి ఫ్యాను దాకా ఒక్కో భాగాన్నీ చూసి, ఎంచి, ఇంటికి తెచ్చుకుని బిగించుకునేది. అందుకోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల బజారుకి, ఈ ప్రయాణం.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. తెప్పించుకోవచ్చు. కానీ ఇది రెండున్నర లక్షల రూపాయల ఖర్చు. పది భాగాలు పది పెట్టెల్లో, పది రోజుల్లో వస్తాయి. అన్నీ వచ్చాక కలిపి చూస్తే యంత్రం వెలగకపోతే తప్పు ఏ భాగానిదో తేల్చుకోవడానికి, మార్చి చూడ్డానికి అత్తిలిలో రెండో ప్రాసెసరు దొరకదు, రెండో బోర్డూ దొరకదు. సీటీసీలో అయితే కొన్నచోటే బిగించి, వెలిగించి చూపిస్తారు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆటలాడతాడు, త్రీడీ బొమ్మలు చేస్తాడు, రేపు ఆటలు తయారుచేసే పనిలోకి వెళ్ళాలని చూస్తున్నాడు. ఇలాంటి యంత్రం వాడికి ఆటబొమ్మా, పనిముట్టూ రెండూను.

బయల్దేరేముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి మేడ మీద గదిలో ప్లగ్గు చూపించాం. ఆయన మీటరు పెట్టి ఫేజుకీ ఎర్తుకీ మధ్య, న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య వోల్టేజి చూశాడు. "ఎర్తు పేరుకే ఉందండీ, గుంట ఎండిపోయింది" అన్నాడు. పెరట్లో గుంట తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్ళు పోసి, కొత్త ఎర్తు దింపాడు.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. చాలా ఇళ్ళలో కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. పవర్ సప్లై లోపల కరెంటులోని రొదను వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిగుండా కారే స్వల్ప విద్యుత్తు ఎర్తులోకి వెళ్ళిపోవాలి. ఎర్తు లేకపోతే పెట్టె ఇనుప రేకు మీద 230 వోల్టుల్లో సగానికి దగ్గరగా వోల్టేజి నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా మనిషికి ప్రాణాపాయం ఉండదు. కానీ అదే పెట్టెకి టీవీ కేబులో, నెట్ తీగో తగిలిస్తే ఆ వోల్టేజి సున్నితమైన పోర్టుల్లోంచి దారి వెతుక్కుంటుంది. లక్ష రూపాయల కార్డు కొనబోతూ, ఎర్తు గుంట తవ్వించడానికి వెనకాడకూడదు.

సాయంత్రం రైలు కోసం తాడేపల్లిగూడెం చేరాం. గూడెం అంటే డెల్టా జనానికి ఉల్లిపాయల మార్కెట్టు. 2015లో ఆంధ్రప్రదేశ్ నిట్ ఈ ఊళ్ళోనే మొదలయ్యాక దానికి రెండో గుర్తింపు వచ్చింది. స్టేషను బయట టీ కొట్టు దగ్గర వీపున ల్యాప్‌టాప్ సంచులతో కుర్రాళ్ళు హిందీ, తమిళం, తెలుగు కలిపి మాట్లాడుకుంటున్నారు. మావాడు వాళ్ళలో ఒకడితో రెండు నిమిషాల్లో కలిసిపోయాడు. ఇద్దరూ ఫ్రేముల గురించి, గ్రాఫిక్స్ కార్డుల గురించి మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే వయసు పిల్లలు గంటకింతని డబ్బులిచ్చి నెట్ సెంటర్లో కూర్చునేవాళ్ళు. ఇప్పటివాళ్ళకు యంత్రం లోపల ఏముందో తెలుసు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 1974 ఫిబ్రవరి 1న మొదలైన ఈ బండి ఎక్కి ఎన్ని తరాల గోదావరి పిల్లలు చదువుకి, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళారో లెక్కలేదు. పండగ తిరుగు ప్రయాణాల రోజులు కావడంతో బండి కిక్కిరిసి ఉంది. పై బెర్తు మీద సర్దుకుని మావాడు చీటీ తీశాడు. మొట్టమొదటి పేరు గ్రాఫిక్స్ కార్డు.

"ముందు ఏ తెర మీద ఆడతావో చెప్పరా" అన్నాను.

"తెర తర్వాత చూసుకోవచ్చు మావయ్యా. డబ్బులు మిగిలితే అప్పుడు."

అక్కడే ఆగి లెక్క వేశాం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920 అడ్డం, 1080 నిలువు, అంటే సుమారు 20.7 లక్షల చుక్కలు. 1440 రకం తెర మీద సుమారు 36.9 లక్షలు. 4కే తెర మీద దాదాపు 83 లక్షలు. ప్రతి ఫ్రేముకీ కార్డు ఇన్ని చుక్కలకూ రంగు తేల్చాలి. 4కే తెర 1440 తెర కంటే 2.25 రెట్లు పని పెడుతుంది. ఇక వేగం. 60 హెర్ట్జ్ తెర అయితే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 144 అయితే 6.9, 180 అయితే 5.6 మిల్లీసెకన్ల వ్యవధి. ఎన్ని చుక్కలు, ఎంత వ్యవధి అన్నది తెర నిర్ణయిస్తుంది. కార్డు ఎంత పెద్దది ఉండాలన్నది ఆ రెండింటి నుంచి తేలుతుంది.

ఏలూరు దాటుతుండగా డెల్టావాడికి అర్థమయ్యే మాట ఒకటి చెప్పాను. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలినా, చేలోకి వెళ్ళే ఆఖరి బోదె ఎంత తీసుకోగలిగితే పొలానికి అంతే అందుతుంది. రెండు లక్షల కార్డు కొని 60 హెర్ట్జ్ పాత తెరకి తగిలిస్తే జరిగేది అదే. వాడు చీటీ మడిచి, కొత్త కాగితం తీసి, మొదటి వరసలో తెర పేరు రాశాడు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి ఇంకా చీకటి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తిని, కొట్లు తీసేదాకా పరేడ్ గ్రౌండ్స్ వైపు నడిచాం. పదకొండు కావస్తుండగా సీటీసీ మేలుకుంది. ఇరుకు వరండాలు, వరసగా చిన్న చిన్న కొట్లు, ప్రతి కొట్టు ముందూ తల ఎత్తుకు పేర్చిన అట్టపెట్టెలు. ఒకచోట ల్యాప్‌టాప్ తెరలు మారుస్తున్నారు, ఇంకోచోట పాత ప్రింటర్లు విప్పుతున్నారు. ఇంకాస్త లోపలికి వెళ్తే గాజు తలుపుల వెనక రంగుల దీపాలతో గేమింగ్ యంత్రాలు తిరుగుతుంటాయి. తెలుగు, ఉర్దూ, హిందీ, గుజరాతీ ఒకే బిల్లు మీద కలుస్తాయి. తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచీ ఇలాంటి యంత్రం కోసం వచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే గమ్యం.

మేం కూర్చున్న కొట్టులో కుర్రాడు ముందు బడ్జెట్ అడగలేదు. "ఏం ఆడతవ్ తమ్మీ? ఏం పని చేస్తవ్?" అని అడిగాడు. అక్కడే అతని మీద నాకు నమ్మకం కలిగింది. వేలొరెంట్, కౌంటర్‌స్ట్రైక్ లాంటి పోటీ ఆటలకు వేగం కావాలి, అందం అక్కర్లేదు. సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వూకాంగ్ లాంటివి కాంతి ఎక్కడ పడి ఎటు పరావర్తనం చెందుతుందో లెక్కగట్టే ఆటలు. అవి కార్డుని పిండేస్తాయి. మావాడికి రెండూ కావాలి, పైగా బ్లెండర్‌లో పని. 27 అంగుళాల 1440 తెర, 180 హెర్ట్జ్ అనుకున్నాం. ఓఎల్ఈడీ తెరలు పక్కనే పెట్టి చూపించాడు. నలుపు నిజమైన నలుపుగా ఉంది, చూపు తిప్పుకోలేం. కానీ రోజుకి ఎనిమిది గంటలు ఒకే మెనూ, ఒకే టూల్‌బార్ కదలకుండా నిలిచే పని వీడిది. అలాంటి వాడకంలో ఓఎల్ఈడీ తెర మీద ఆనవాళ్ళు శాశ్వతంగా పడే ప్రమాదం ఉంటుంది. పగలు వెలుతురు ధారాళంగా వచ్చే మేడగదికి మంచి ఐపీఎస్ తెరే నయమని తేల్చుకున్నాం.

తెర తేలాక కార్డు సంగతి తేలికైంది. ఎన్విడియా 2025 జనవరిలో 50 వరస కార్డులు ప్రకటించినప్పుడు మన దేశంలో చెప్పిన ప్రారంభ ధరలు ఇవి: 5090కి 2,14,000, 5080కి 1,07,000, 5070 టీఐకి 80,000 రూపాయలు. 5080లో 10,752 కోర్లు ఉంటే 5070 టీఐలో 8,960. రెండింటిలోనూ వీడియో మెమరీ 16 జీబీయే. ఇరవై శాతం ఎక్కువ కోర్లకు మూడో వంతు ఎక్కువ డబ్బు. 5090 అయితే 32 జీబీ మెమరీతో వేరే లోకం. కానీ అదొక్కటే 575 వాట్లు తాగుతుంది. 1440 తెరకి 5070 టీఐ చాలు. ఏఎండీ వైపు 2025 మార్చిలో వచ్చిన 9070 ఎక్స్‌టీలోనూ 16 జీబీ ఉంది, ఆటలకి గట్టి పోటీ ఇస్తుంది. బ్లెండర్ పనిలో ఎన్విడియా ముందుంటుంది కాబట్టి మావాడి ఓటు అటు పడింది. ఆటలు మాత్రమే ఆడేవాడైతే నేను రెండోదానికే మొగ్గేవాణ్ణి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే ఫ్రేముల సంఖ్యలు చూసి కార్డు ఎంచకూడదు. ఈ తరం కార్డులు నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య కృత్రిమంగా మరికొన్ని సృష్టిస్తాయి. కదలిక నున్నగా కనిపిస్తుంది, నిజమే. కానీ మీట నొక్కినప్పటి నుంచి ఆటలో మనిషి కదిలేదాకా పట్టే సమయం దాంతో తగ్గదు. పోటీ ఆటలో గెలుపోటములు ఆ సమయం మీదే ఆధారపడతాయి. అందుకే కృత్రిమ ఫ్రేములు తీసేసి కొలిచిన లెక్క అడిగి చూడాలి.

ప్రాసెసర్ల దగ్గర చర్చ చాలాసేపు నడిచింది. ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ 2024 నవంబరులో వచ్చింది. ఎనిమిదే కోర్లు. అయినా ఆటల్లో దానికి అంత పేరు రావడానికి కారణం చిప్‌లోనే ఉంది. ఆట నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ పదే పదే కొద్దిపాటి సమాచారాన్ని అందుకుంటూ ఉంటుంది. అది దగ్గర్లో లేకపోతే ర్యామ్ దాకా వెళ్ళి తెచ్చుకోవాలి, ఆలోగా కోర్లు ఖాళీగా ఉంటాయి. ఈ చిప్‌లో కోర్లకి అదనపు క్యాష్ మెమరీ పొరను అతికించి, మొత్తం ఎల్3 క్యాష్‌ని 96 ఎంబీకి పెంచారు. ముందు తరంలో ఆ పొర కోర్ల నెత్తిన ఉండి వేడి బయటికి పోనిచ్చేది కాదు. ఇందులో దాన్ని కోర్ల కిందికి మార్చారు. వేడి నేరుగా పైకి, కూలర్‌లోకి వెళ్తుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతానికి ఇది చిన్న మేలు కాదు.

మావాడు ఇంటెల్ గురించీ అడిగాడు. 13, 14 తరాల ఖరీదైన ప్రాసెసర్లలో వోల్టేజి ఎక్కువై చిప్‌లు దెబ్బతిన్న సంగతి 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఏడాది మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. కాబట్టి ఆ తరం పాత సరుకు చవగ్గా దొరికినా, సవరణ ఉన్న బయోస్ వేసి ఉందో లేదో చూడకుండా తీసుకోకూడదు. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా దాన్ని కొనసాగిస్తామని ఆ సంస్థ మాటిచ్చింది. కొన్నేళ్ళ తర్వాత బోర్డు మార్చకుండా కొత్త ప్రాసెసర్ పెట్టుకునే వీలు మధ్యతరగతి ఇంటికి పెద్ద ఆదా.

మదర్‌బోర్డు దగ్గర కొట్టు కుర్రాడే మా డబ్బు మిగిల్చాడు. "అన్నా, బోర్డు మీద ఎక్కువ పెట్టకు. బీ850 చాలు. ఆ పైసలు పవర్ సప్లైల పెట్టు" అన్నాడు. అంతకంటే ఖరీదైన ఎక్స్870ఈ బోర్డులో అదనపు యూఎస్‌బీ పోర్టులు, ఎస్ఎస్‌డీ స్లాట్లు వస్తాయి తప్ప ఆటలో ఫ్రేములు పెరగవు. వోల్టేజిని స్థిరంగా ఇచ్చే భాగం మీద మంచి హీట్‌సింకు, ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చుకునే మీట, ఈ రెండూ ఉంటే చాలు.

అసలు దెబ్బ ర్యామ్ దగ్గర తగిలింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండడంతో 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు రెట్టింపు దాటి పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో సర్వర్లు పెట్టేవాళ్ళ నిర్ణయం అత్తిలి కుర్రాడి జేబు దాకా వచ్చింది. 64 జీబీ ఆశ వదులుకుని 32 జీబీకి తగ్గాం. కానీ 16 జీబీలవి రెండు తీసుకున్నాం, 32 ఒక్కటి కాదు. రెండు కడ్డీలుంటే ప్రాసెసర్‌కి రెండు దారులు తెరుచుకుంటాయి. డీడీఆర్5 6000 వేగం ఈ ప్రాసెసర్‌కి కుదిరే వేగం. అయితే బిగించగానే ఆ వేగం రాదు. బయోస్‌లో ఎక్స్‌పో అనే అమరిక తెరిస్తేనే వస్తుంది. ఎన్నో ఇళ్ళలో ఖరీదైన ర్యామ్ ఆ ఒక్క మీట నొక్కక నెమ్మదిగానే నడుస్తుంటుంది.

ఎస్ఎస్‌డీ ఎంపిక తొందరగానే ముగిసింది. నాలుగో తరంవి సెకనుకి సుమారు 7,000 ఎంబీ చదువుతాయి, ఐదో తరంవి 14,000 దాకా. ఆట తెరుచుకోవడంలో ఆ తేడా కంటికి ఆనదు, ధరలో మాత్రం ఆనుతుంది. ఒక్కో ఆట వంద జీబీ దాటుతున్న రోజుల్లో వేగం కంటే చోటు ముఖ్యం కనక నాలుగో తరం 2 టీబీది తీసుకున్నాం.

పవర్ సప్లై దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చున్నాం. 5070 టీఐకి 300 వాట్లు, ఆటల్లో ప్రాసెసర్‌కి వందలోపు, మిగతావి, తెర అన్నీ కలిపి యంత్రం 500 వాట్ల దగ్గర నడుస్తుంది. ఎన్విడియా సూచన 750 వాట్లు, మేం 850 తీసుకున్నాం. గ్రాఫిక్స్ కార్డు ఉన్నట్టుండి క్షణంలో వెయ్యో వంతు సేపు ఎక్కువ లాగుతుంది. దాన్ని తట్టుకునేలా రాసుకున్న ప్రమాణం ఏటీఎక్స్ 3.1. 2022లో 4090 కార్డులతో వచ్చిన కొత్త 16 పిన్నుల కనెక్టర్లు కొన్ని కరిగిపోవడం ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత పిన్నుల పొడవులు సవరించి కొత్త రకం తెచ్చారు. అది ఉన్న సప్లై అడిగి తీసుకోవాలి. ఇంట్లో బిగించేటప్పుడు కనెక్టరు చివరిదాకా దిగిందో లేదో కంటితో చూసుకోవాలి, కార్డు దగ్గరే తీగను గట్టిగా వంచకూడదు.

80 ప్లస్ గోల్డ్ అనే ముద్ర సామర్థ్యాన్ని చెబుతుంది. సగం భారం మీద సుమారు 90 శాతం కరెంటు యంత్రానికి అందుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. కానీ లోపలి కెపాసిటర్ల నాణ్యత, షార్ట్ అయినప్పుడు తనంతట తాను ఆగే రక్షణ ఆ ముద్రలో కనిపించవు. పదేళ్ళ వారంటీ ఇచ్చే తయారీదారు వాటి మీద పొదుపు చేయడు. అందుకే నేను ముద్ర కంటే వారంటీ ఏళ్ళు చూస్తాను.

తర్వాత యూపీఎస్. కరెంటు పోయినా పవర్ సప్లై తనలో దాచుకున్న శక్తితో సుమారు 16, 17 మిల్లీసెకన్లు నిలబడుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తికి పట్టేది 20 మిల్లీసెకన్లు. అంటే ఒక్క ఆవృత్తి తప్పినా యంత్రం ఆగిపోవచ్చు. ఇంటి ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక మీట ఉంటుంది, అది వేయకపోతే ఫ్యాన్లు ఆగకపోయినా కంప్యూటర్ ఆగుతుంది. యూపీఎస్ మీద వీఏ అని రాసిన అంకె వాట్లు కాదు. 1100 వీఏ అన్నవాటిలో చాలా మోడళ్ళు 660 వాట్లే ఇస్తాయి. 900 వాట్లిచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తీసుకున్నాం. నాణ్యమైన పవర్ సప్లైలు అలాంటి నున్నని తరంగంతోనే నిలకడగా పనిచేస్తాయి.

కూలర్ ఎంపికలో మావాడి మనసు నీళ్ళ కూలర్ మీద ఉంది. అందులో పంపు ఉంటుంది. అది ఆగితే అత్తిలిలో ఆ సాయంత్రమే మరొకటి దొరకదు. రెండు ఫ్యాన్ల ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే, అది ఎక్కడైనా దొరుకుతుంది. 9800ఎక్స్3డీకి మంచి ఎయిర్ కూలర్ సరిపోతుంది. పెట్టె మాత్రం ముందువైపు జాలీ, విప్పి కడుక్కునే దుమ్ము వలలు ఉన్నది ఎంచాం. మిల్లుల ఊక దుమ్ము, కోతలకాలం నుసి ఉన్న ఊళ్ళో గాలి లాగే ఫ్యాన్లు ఎక్కువ, బయటికి తోసేవి తక్కువ పెట్టాలి. అప్పుడు లోపలి గాలి సందుల్లోంచి బయటికి తోసుకుంటుంది, వల దాటకుండా దుమ్ము లోపలికి రాదు. వెనక వాడని స్లాట్లన్నిటికీ రేకులు వేయించాం. బల్లులూ చీమలూ వెచ్చదనానికి చేరే చోటు అది.

కొట్టులోనే అన్నీ కలిపి వెలిగించారు. గంటసేపు భారం పెట్టి ఉష్ణోగ్రతలు చూపించారు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు, కూలరు మళ్ళీ విప్పించి వాటి పెట్టెల్లో పెట్టించాం. బరువైన కార్డు స్లాట్‌కి వేలాడుతూ రైలు కుదుపులు తింటే బోర్డు పగులుతుంది. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించాం, జీఎస్‌టీ బిల్లే తీసుకున్నాం. వారంటీకి రేపు దారి చూపేది ఆ కాగితమే.

బయటికొచ్చాక ఆ పెట్టెల్ని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. ఏఎండీ, ఎన్విడియా, మైక్రాన్, క్వాల్‌కామ్ నాలుగింటికీ ఇదే నగరంలో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. తైవాన్ ఫ్యాక్టరీలో ముద్రపడే ఇలాంటి చిప్‌ల వెనక ఇక్కడి ఇంజినీర్ల పనీ ఉంటుంది. "నువ్వు కొన్నవి పరాయివాళ్ళు మాత్రమే చేసినవి కావురా" అన్నాను వాడితో.

తిరుగు ప్రయాణానికి గుడివాడ మీదుగా నరసాపురం వెళ్ళే రాత్రి బండి ఎక్కాం. కార్డు పెట్టె మావాడి తల పక్కన, తెర రెండు బెర్తుల మధ్య. తెల్లవారుతుండగా కైకలూరు వచ్చింది. అటూ ఇటూ చేపల చెరువులు, వాటి మీద పొగమంచు. కొల్లేరు ఇక్కడికి దగ్గరే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్ల నీటిని పట్టి ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే సరస్సు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. ఆటపాక పెలికాన్లు చలికాలమంతా ఇక్కడే. 2006లో ప్రభుత్వం సరస్సులోని చేపల చెరువుల గట్లు తెంచిన నాటి గొడవలు ఈ ఊళ్ళకింకా గుర్తే.

కిటికీ అద్దం మీద పేరుకున్న చెమ్మను చూపించి మావాడికి ఇంకో మాట చెప్పాను. మన గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఏసీ గదిలో చల్లబడ్డ యంత్రాన్ని తలుపులు బార్లా తీసి తడిగాలికి వదిలితే లోహం మీద నీటి చెమ్మ పడుతుంది. నడుస్తున్న యంత్రం వెచ్చగా ఉండి తేమను దగ్గరికి రానివ్వదు. నెలల తరబడి ఆపి, మూసి ఉంచిన యంత్రమే తుప్పు పడుతుంది. కాబట్టి వానాకాలంలో రోజూ కాసేపైనా వెలిగించాలి. చెరువుల్లో ఏరియేటర్లు ఒక్కసారిగా మొదలైనప్పుడు వోల్టేజి పడడం ఇక్కడివాళ్ళకు తెలిసిందే. పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. దాన్ని చంపేది వోల్టేజి తగ్గడం కాదు, పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణంలోని ఉప్పెన. ఆ క్షణానికే యూపీఎస్.

ఉప్పుటేరు వంతెన దాటి, ఆకివీడు మీదుగా భీమవరం చేరి, అక్కడ బండి మారి అత్తిలి వచ్చాం. ఆ మధ్యాహ్నమే మేడగదిలో వాడు అన్నీ బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను. బయోస్‌లో ఎక్స్‌పో తెరిచాడు, తెరను 180 హెర్ట్జ్‌కి మార్చాడు. విండోస్ దాన్ని 60 దగ్గరే వదిలేసి ఉంది. పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. జివ్వుమనలేదు. రాత్రి ఆట ఆడుతుంటే 480 వాట్ల దగ్గర యూపీఎస్ అంకె ఆడింది. నాలుగు గంటలాడితే రెండు యూనిట్లు. ఆ వేడంతా గదిలోకే వస్తుంది. టన్ను ఏసీ తీసేసే వేడిలో దాదాపు ఏడో వంతు ఈ యంత్రానికే పోతుంది. వేసవి కరెంటు బిల్లులో ఆ లెక్క ముందే వేసుకున్నాం.

ఈ ప్రయాణం తర్వాత నేను గట్టిగా చెప్పగలిగేది ఇది. డెల్టా ఊళ్ళలో ఉత్తమమైన గేమింగ్ కంప్యూటర్‌ని గ్రాఫిక్స్ కార్డు నుంచి కాదు, రెండు చివరల నుంచి ఎంచాలి. ఒక చివర కళ్ళు చూసే తెర, రెండో చివర గోడలోని ప్లగ్గు. ఆ రెండూ తేలాక కార్డు, ప్రాసెసర్ వాటంతటవే తేలతాయి. మా మొత్తం ఖర్చులో 5080కి, 5070 టీఐకి ఉన్న 27,000 రూపాయల తేడాయే మంచి పవర్ సప్లైకి, యూపీఎస్‌కి దన్నుగా నిలిచింది. ఏ ఆటలోనూ మావాడికి ఆ కోర్ల లోటు కనిపించలేదు.

చివరగా పెద్దవాళ్ళకొక మాట. మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి యంత్రం అడిగితే ఆటల కోసమే కదా అని తీసిపారేయకండి. డబ్బు చేతిలో పెట్టి తప్పుకోనూ వద్దు. పక్కన కూర్చుని ఏ పనికి, ఏ తెర మీద, ఎన్ని గంటలు అని అడగండి. ఒక్కో భాగం ఎందుకు కావాలో కాగితం మీద రాయించండి. కారణం రాయలేని భాగానికి డబ్బు ఇవ్వకండి, రాసిన దానికి వెనకాడకండి.